సంతకం లేని డ్రైవరు, మండవల్లి చెరువులు

ముప్పై ఏళ్లు నేను డ్రైవర్లు రాశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏలూరులో మా పిన్నికి ఈ మాట చెబితే ఆవిడ కాసేపు నా ముఖం చూసి, అంత చదువు చదివి డ్రైవర్ల పేర్లు రాసుకునే ఉద్యోగమా అని అడిగారు. కాదని వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, ఆ సాయంత్రం పక్కింటావిడతో మా విమలకి బస్సు డిపోలో ఉద్యోగం వచ్చిందని చెప్పారు. నేను ఇక సరిదిద్దలేదు.

ఈ మధ్య తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నన్ను పిలిచి, ఈ పని ఎలా ఉంటుందో చెప్పమన్నారు. మైకు ముందు నాకు మాట రాదు. ఏదో చెప్పి వచ్చేశాను. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

డ్రైవరు అంటే ఏమిటో ముందు చెప్పాలి. కంప్యూటరుకి ప్రింటరు తగిలిస్తాం, కెమెరా తగిలిస్తాం, ఇంకేదో మీటరు తగిలిస్తాం. వాటి భాష కంప్యూటరుని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలియదు. మధ్యలో ఉండి అటు మాట ఇటు చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. చిక్కు ఎక్కడంటే, ఆ పని చెయ్యడానికి దాన్ని చాలాసార్లు యంత్రం లోపలి గదిలోకి రానివ్వాలి. ఆ గదిని మేం కెర్నెల్ అంటాం. అక్కడికి వచ్చినవాడు అన్నీ చూడగలడు, దేన్నైనా మార్చగలడు, తను పడిపోతే యంత్రం మొత్తాన్ని పడేస్తాడు. అందుకని ఎవరిని రానివ్వాలి, ఆ సంగతి ఎవరు తేల్చాలి అన్నదే నా ఉద్యోగం. యంత్రం కొనుక్కున్న మనిషి తేల్చుకోవాలని కొన్నేళ్లు నమ్మాను. మేమే తేల్చాలని ఇంకొన్నేళ్లు నమ్మాను. రెండుసార్లూ చాలా ధీమాగా నమ్మాను.

అవును, కాదు

మా కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసేది. హైదరాబాదు ఆఫీసులో నేను చేరినప్పుడు ఎవరు రాసిన డ్రైవరైనా లోపలికి వచ్చేది. అప్పుడు నాకు ఇచ్చిన మొదటి పెద్ద పని ఒక హెచ్చరిక రాయడం. ఎవరు తయారు చేశారో తెలియని డ్రైవరు వస్తే తెర మీద ఒక పెట్టె కనబడాలి: ఇది ఎవరిదో తెలియదు, ప్రమాదం కావచ్చు, అయినా అమర్చాలా? కింద అవును, కాదు అని రెండు మీటలు. మనిషికి నిజం చెప్పాం, నిర్ణయం అతని చేతిలో పెట్టాం, ఇంతకంటే మర్యాద ఏముంటుంది అనుకున్నాను. ఆ పెట్టె చూసుకుని మురిసిపోయాను కూడా.

మా మేనత్త కొడుకు ప్రకాశరావు బావకి తాడేపల్లిగూడెంలో ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోల నుంచి పెళ్లి ఆల్బముల దాకా అన్నీ చేస్తాడు. ఒకరోజు అతని ప్రింటరు మొరాయించింది. ఇంటర్నెట్‌లో వెతికితే దాని డ్రైవరు అంటూ ఒకటి కనబడింది. దించుకున్నాడు. నా పెట్టె వచ్చింది, అడిగింది. బావ అవునన్నాడు. అది డ్రైవరు వేషంలో ఉన్న దొంగ. మర్నాటికి అతని దగ్గరున్న పెళ్లి ఫోటోలన్నిటికీ తాళం పడింది. రెండు సీజన్ల పెళ్లిళ్లు, ఒక్క ఫోటో కూడా తెరుచుకోలేదు.

నేను పరుగున వెళ్లాను. వెళ్లి, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదట అడిగిన మాట "పెట్టె అడిగింది కదా బావా, చదవలేదా?" అని.

బావ కోప్పడలేదు. అతనికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "చదివానే విమలా. కస్టమరు ఎదురుగా నిలబడి ఫోటో ఏదండీ అంటున్నాడు. ఆ టైములో కాదు నొక్కితే ఫోటో రాదు. అవును నొక్కితే వస్తుంది. నువ్వు నన్ను అడిగింది అదొక్కటే కదా," అన్నాడు.

ఆ మాట నాకు అర్థం కావడానికి నెలలు పట్టింది. నేను అతనికి నిర్ణయం ఇవ్వలేదు. నా బాధ్యతని అతని వేలి కిందికి తోసేశాను.

ఫోటోల సంగతి చెప్పాలి. బావ స్కానరు సంచిలో పెట్టుకుని, మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగాడు. తను ఫోటోలు తీసిన ప్రతి ఇంటికీ వెళ్లి, జరిగింది దాచకుండా చెప్పి, వాళ్లకిచ్చిన ఆల్బము తెరిపించి ఒక్కో పేజీ మళ్లీ ఎక్కించుకున్నాడు. తిడతారేమో అనుకుంటే, ప్రతి ఇంట్లోనూ ఆల్బము చుట్టూ జనం చేరి, ఆ పెళ్లి మళ్లీ మొదటి నుంచీ చెప్పుకున్నారట. ఒక ఇంట్లో ఆల్బము తెరిచేసరికి పెళ్లికూతురు నాయనమ్మ, తను అందులో ఎక్కడా సరిగ్గా పడలేదని అప్పుడు కనిపెట్టి, అతని చేత అక్కడికక్కడ ఫోటో తీయించుకున్నారు. నెల తిరిగేసరికి బావ రెండు కిలోలు పెరిగాడు.

తలుపు మూయడం

ఆ తర్వాత నేను పూర్తిగా రెండో వైపు తిరిగాను. మా పై అధికారి శేషగిరి గారు భద్రతా విభాగం చూసేవారు. తక్కువ మాట్లాడే మనిషి. ఎవరైనా కొత్త ఆలోచన తెస్తే, దీన్ని దొంగ ఎలా వాడతాడో నువ్వే రాసుకురా అని వెనక్కి పంపేవారు. పని నేర్చుకోవాలంటే అలాంటి పై అధికారి ఒకరు దొరకాలి. పొగిడేవాళ్ల దగ్గర నేనేమీ నేర్చుకోలేదు.

ఆయన ఆధ్వర్యంలో మేం కొత్త నియమం తెచ్చాం. డ్రైవరు తయారు చేసినవాళ్లు దాన్ని మాకు పంపాలి. మేం పరీక్షించి డిజిటల్ సంతకం పెడతాం. సంతకం లేనిది లోపలికి రాదు. వాడే మనిషిని అడగడం ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ పాత రూపానికి వెనక్కి వెళ్లే దారి కూడా నేనే మూశాను, ఎందుకంటే దొంగలు మొదట వెతికేది ఆ దారినే. తెర మీద ఒక్క వాక్యం: భద్రతా కారణాల వల్ల ఈ డ్రైవరును ఆపివేశాం. కింద ఒక్క మీట: సరే.

ఆ పని చాలా బాగా చేశాను. ఎంత బాగా చేశానో మండవల్లిలో తెలిసింది.

అప్పటికి నేను ఏలూరు తిరిగి వచ్చి, ఇంటి నుంచే పని చేస్తున్నాను. కొత్త నియమం ఉన్న అప్‌డేటు అన్ని యంత్రాలకూ వెళ్లిన మూడో రోజు పొద్దున్న బావ ఫోన్ చేశాడు. మండవల్లిలో సుభద్ర గారని చేపల చెరువులున్నావిడ, తన కస్టమరు, ఆవిడ కంప్యూటరు ఆగిపోయిందట, తెర మీద మీ కంపెనీ పేరు ఉందట, ఒకసారి వెళ్లి చూడమన్నాడు. ఫోన్‌లో చెబుతానన్నాను. "ఫోన్‌లో కాదే, చేపలు తేలుతున్నాయంట," అన్నాడు.

మండవల్లి

కొల్లేరు మీదుగా కైకలూరు రోడ్డులో వెళ్లాను. మబ్బు కమ్మి ఉంది, ఆకు కదలడం లేదు. గూడబాతులు నీళ్ల మీద బరువుగా కూర్చుని ఉన్నాయి. అలాంటి రోజున చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుందని ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకు ఆ రోజు తెలిసింది.

సుభద్ర గారికి యాభై దాటి ఉంటాయి. చీర కొంగు నడుముకి బిగించి గట్టు మీద నిలబడి మనుషులకి పని చెబుతున్నారు. ఆరు చెరువులు, బొచ్చె, శీలావతి చేపలు పెంచుతారు. నీటిని చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు అన్ని చెరువులకీ ఉన్నాయి గానీ, వాళ్ల కరెంటు లైను మీద మూడు చెరువులవి మాత్రమే ఒకేసారి తిరుగుతాయి. ఏ చెరువుకి ఎప్పుడు అవసరమో చెప్పేది నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటర్లు. వాటిని చదివి ఏరేటర్లు మార్చేది షెడ్డులో ఉన్న కంప్యూటరు. ఆ మీటర్ల పెట్టె తయారు చేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతబడింది. దాని డ్రైవరుకి సంతకం లేదు. పెట్టించేవాళ్లూ లేరు.

మూడు రోజులుగా ఆవిడ కంటితో చూసి, ఏ చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అక్కడికి మనిషిని పరుగెత్తిస్తున్నారు. ఎండ ఉన్న రెండు రోజులూ నెట్టుకొచ్చారు. ఆ రోజు మబ్బు. అయిదో చెరువు మూల అప్పటికే కొన్ని వెల్లకిలా తేలి ఉన్నాయి.

నన్ను షెడ్డులోకి తీసుకెళ్లి తెర చూపించారు. నేను రాసిన వాక్యమే. ఇదెవరు పెట్టారండీ అని అడిగారు. నేనే పెట్టానని చెప్పాను. అబద్ధం చెప్పే ధైర్యం లేదు.

ఆవిడ మెల్లగా, "ఏవండీ, మీ సంతకం లేదని మా చేపలు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలాండీ?" అన్నారు. మళ్లీ తెర వైపు చూసి, "ఆ సరే అన్నది ఒక్కటే పెట్టారు. నేను సరే అనలేదండి," అన్నారు.

రెండు గంటలు ఆ యంత్రం ముందు కూర్చున్నాను. నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. ఒక్కటీ తెరుచుకోలేదు. అన్నీ నేను మూసినవే. సంతకం నేను పెట్టలేను, ఆ అధికారం నా దగ్గర ఉండదు, ఉండకూడదు కూడా. నా పనితనానికి నేను గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. ఆఖరికి బావకే ఫోన్ చేశాను. పాత పెళ్లి ఆల్బముల కోసం అతను మూలన పెట్టిన లాప్‌టాపు ఒకటుంది. చాలాకాలంగా ఇంటర్నెట్ మొహం చూడలేదు కనక కొత్త నియమం దానికి చేరలేదు. బావ షట్టరు దించి, భీమవరం, ఆకివీడు మీదుగా మోటారు సైకిలు మీద దాన్ని మోసుకొచ్చాడు. మధ్యాహ్నానికి మీటర్ల పెట్టె దానికి తగిలించాం. నెట్టుకి ఎప్పుడూ కలపకూడదని దాని మీద కాగితం అంటించాం. తెర మీద ఆరు అంకెలు వచ్చాయి. అయిదో చెరువు ఏరేటర్లు గిర్రున తిరిగాయి. గట్టు మీద పనివాళ్లు చప్పట్లు కొట్టారు. నేను అక్కడే ఒక మేత బస్తా మీద కూర్చుండిపోయాను.

టీ తాగుతూ ఆవిడకి సంతకం ఎందుకు పెట్టామో చెప్పాను. బావ ఫోటోల కథ బావ చేతే చెప్పించాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. అప్పుడు అడిగిన ప్రశ్న నాకు ముప్పై ఏళ్లలో ఎవరూ వెయ్యలేదు. "బయటి నుంచి కొత్త చేపపిల్ల తెస్తామండి. దానికి జబ్బుందో లేదో మాకేం తెలుసు? ముందు పక్కనున్న చిన్న చెరువులో పెడతాం. అక్కడ ఈదుతుంది, మేత తింటుంది, పెద్ద చెరువు నీళ్లు మాత్రం తగలవు. మీ కంప్యూటర్లో చిన్న చెరువు లేదాండీ? లోపలికి రానివ్వడం, గెంటెయ్యడం, ఈ రెండేనా?"

శేషగిరి గారి దొంగ

చిన్న చెరువు కట్టడం సాధ్యమే. డ్రైవరుని కెర్నెల్ లోపలికి రానివ్వకుండా బయట వేరే గదిలో కూర్చోబెట్టి, తన పరికరంతో తప్ప మరి దేనితోనూ మాట్లాడకుండా చెయ్యొచ్చు. అది మాకు తెలుసు. పెద్ద కంపెనీల పరికరాల కోసం కొంత చేసి ఉంచాం కూడా. ఊరూ పేరూ లేని పాత డ్రైవర్ల కోసం అంత శ్రమ ఎందుకని పక్కన పెట్టాం. ఆ నిర్ణయం జరిగిన సమావేశంలో నేనున్నాను, తల కూడా ఊపాను.

శేషగిరి గారికి జరిగింది మొత్తం చెప్పాను. తలుపు పెడితే దొంగ కూడా అదే తలుపు వాడతాడని ఆయన అన్నారు. నిజమే. నేను వదల్లేదు. వారం రోజులు రోజూ ఏదో ఒక వంకన ఫోన్ చేశాను. ఆఖరికి ఆయన ఒక షరతు పెట్టారు. తలుపు నువ్వు కట్టు, దొంగని నేను తయారు చేస్తాను, మీ బావ స్టూడియోలో పరీక్షిద్దాం అన్నారు.

పిల్లలూ, నా ఉద్యోగంలో అంత సంతోషంగా గడిచిన కాలం మరొకటి లేదు. ఆయన స్వయంగా తాడేపల్లిగూడెం వచ్చారు. ప్రింటరు డ్రైవరు వేషంలో ఒక ఉత్తుత్తి దొంగని రాసుకొచ్చారు. లోపలి గదిలోకి వస్తే తెర నిండా నవ్వే బొమ్మ చూపించడం తప్ప అది ఏ హానీ చెయ్యదు. బావకి ఏం జరుగుతుందో పూర్తిగా చెప్పలేదు. శేషగిరి గారే కస్టమరుగా స్టూలు మీద కూర్చుని, బస్సుకి టైమైపోతోంది, నా ఫోటో ఏదండీ అని తొందరపెట్టడం మొదలుపెట్టారు. ఆఫీసులో పదిమాటలు మాట్లాడని మనిషి అక్కడ చేసిన హడావుడికి నేను స్టూడియో పరదా వెనక నోరు మూసుకుని నవ్వాను.

నా మొదటి తలుపు మూడు క్షణాల్లో ఓడిపోయింది. వేరుగా నడపాలా, పూర్తిగా లోపలికి రానివ్వాలా అని తెర మీద అడిగాను. బావ రెండోది నొక్కాడు. ఎందుకని అడిగితే, పూర్తిగా అన్నావు కదా, సగం సగం పని చేస్తే ఫోటో సగమే వస్తుందేమో అనుకున్నానన్నాడు. తెర మీద బొమ్మ నవ్వింది. శేషగిరి గారు కూడా నవ్వారు. నేను ఆయన కింద చేరిన తర్వాత చూసిన మొదటి నవ్వు అది.

అక్కడ నేర్చుకున్నాం. తొందరలో ఉన్న మనిషి ముందు ప్రమాదకరమైన మీట పెట్టనే కూడదు. సంతకం లేని డ్రైవరు వస్తే మనిషిని అడగకుండానే దాన్ని వేరుగా కూర్చోబెట్టాలి. అక్కడి నుంచే తన పని చేస్తే మంచిదే, ఫోటో వస్తుంది, ఎవరికీ హాని లేదు. లోపలి గదిలోకి తప్పనిసరిగా రావాల్సిన పరికరం ఉంటే దానికీ దారి ఉంటుంది గానీ, అది ఆ తెర మీద ఉండదు. యంత్రం ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మొదట్లోనే యజమాని తన పాస్‌వర్డుతో తెరవాలి. తెరిచినంత కాలం ఆ సంగతి తెర మూల కనబడుతూ ఉండాలి. కస్టమరు ముందున్నప్పుడు ఎవరూ అంత పని చెయ్యరు. నిజంగా అవసరమైన మనిషి నిదానంగా కూర్చుని చేసుకుంటాడు. ఇంకొకటి: పని చేస్తున్న పరికరాన్ని మేం ఎప్పుడూ ఉన్నపాటున ఆపకూడదు. ముందుగా చెప్పాలి, గడువు ఇవ్వాలి.

రెండోసారి బావ దొంగని అమర్చాడు. అది వేరు గదిలో కూర్చుని గోడలు తడుముకుంది. మూడోసారి, నాలుగోసారి శేషగిరి గారు దాన్ని ఇంకా తెలివైనదిగా మార్చి తెచ్చారు. నాలుగోసారి గోడలో ఒక బీట దొరికింది. పూడ్చాం. అయిదోసారి దొరకలేదు. ఆయన స్టూలు దిగి, ఇప్పుడు నిజంగానే నాకు పాస్‌పోర్టు ఫోటో కావాలి అని బావతో చెప్పారు.

తెర మీద మాటలు

గోడ బాగుంటే సరిపోదు. తెర మీద రాసేది కూడా పనే. మా వాళ్లు దాన్ని చివర్లో ఎవరో ఒకరు చూసుకునే సంగతి అనుకుంటారు, అది తప్పు. నేను రాసిన వాక్యాలు పట్టుకుని శేషగిరి గారితో సహా మండవల్లి వెళ్లాను. సుభద్ర గారు కళ్లజోడు పెట్టుకుని పైకి చదివారు. 'విశ్వసనీయత ధ్రువీకరించబడని' అన్న చోట ఆగి, ఇది ఎవరితో చెబుతున్నారండీ అని అడిగారు. కొట్టేశాను. నాలుగు కాగితాలు పోయాయి. ఆఖరికి మిగిలింది ఇది: "ఈ పరికరం డ్రైవరు ఎవరు తయారు చేశారో మాకు తెలియదు. అందుకని దాన్ని వేరుగా ఉంచి నడుపుతున్నాం. అది మీ మిగతా వాటిని తాకలేదు. వద్దనుకుంటే ఆపెయ్యండి."

ఆవిడ రెండుసార్లు చదివి, ఇదైతే మనిషి రాసినట్టుందండీ అన్నారు. నాకు వచ్చిన ప్రశంసల్లో దాచుకోదగ్గది అదే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. భద్రత, స్వేచ్ఛ అని రెండు పెద్ద మాటలు పట్టుకుని సమావేశాల్లో వాదించుకుంటారు. నేనూ వాదించాను. ఆ మాటల మధ్య ఎటూ తేలదు. ఒక తొందరలో ఉన్న ఫోటోగ్రాఫరునీ, చేపలు తేలుతున్న ఒక రైతునీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ పనికొచ్చే తెర ఒకటి రాయడానికి ప్రయత్నించండి. చాలా తిప్పలు పడతారు. ఆ తిప్పలే ఉద్యోగం. మీ పని వల్ల ఇబ్బంది పడిన మనిషి దగ్గరికి వీలైతే స్వయంగా వెళ్లండి. వాళ్లు చెప్పే మాట రిపోర్టులో రాదు.

పట్టుబడి

చిన్న చెరువు ఉన్న అప్‌డేటు వచ్చిన రోజు నేను మండవల్లి షెడ్డులోనే ఉన్నాను. మీటర్ల పెట్టె మళ్లీ అసలు కంప్యూటరుకే తగిలించాం. బావ లాప్‌టాపు బావకి చేరింది. నేను ఆ ఏడాదే రిటైరయ్యాను.

ఈ మధ్య చెరువుల పట్టుబడి, అంటే పెరిగిన చేపలు వలేసి పట్టడం, పెట్టుకున్నామని సుభద్ర గారు పిలిస్తే వెళ్లాను. వల లాగుతుంటే నీళ్లు వెండిలా ఎగిరిపడుతున్నాయి. గట్టు పొడుగునా మనుషులు, ఐసు పెట్టెలు, కేకలు. ఆ సందడిలో ఆవిడని పట్టుకుని, కంప్యూటరు ఎలా ఉందండీ అని అడిగాను. ఆవిడకి నేను దేని గురించి అడుగుతున్నానో వెంటనే తట్టలేదు. "అదాండీ? ఉందండి. నేను అటు వెళ్లి చాలా రోజులైంది," అన్నారు.

నేను షెడ్డులోకి వెళ్లి యంత్రం రాసుకున్న చిట్టా తెరిచి చూశాను. ఆ పాత డ్రైవరు ఆ నెలలో రెండుసార్లు కుప్పకూలింది. కెర్నెల్‌లో ఉండి ఉంటే యంత్రం మొత్తం పోయేది, ఆరు చెరువుల మీటర్లూ ఆగిపోయేవి. వేరు గదిలో ఉంది కనక, పడింది, దాన్ని మా ప్రోగ్రాము మళ్లీ లేపి కూర్చోబెట్టింది, మీటరు ఒక్క క్షణం తడబడి మళ్లీ చదవడం మొదలుపెట్టింది. ఎవరికీ తెలియలేదు. ఆ రెండు వరుసలూ చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో రాసిన దాని గురించి అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

బయటికి వచ్చి, ఈ నెలలో రెండుసార్లు మీ డ్రైవరు పడిపోయింది, దానంతట అదే లేచింది తెలుసా అండీ అని సుభద్ర గారికి చెప్పాను. ఆవిడ తలపాగా కట్టుకున్న ఒకతనికి వల ఎటు లాగాలో చేత్తో చూపిస్తూనే విన్నారు.

"అలాగాండీ? మంచిదే," అన్నారు. "పులుసు దించారు, చేతులు కడుక్కుని రండి."